పీహెచ్‌పీ: విసిగించేదీ అదే, వదలనివ్వనిదీ అదే

అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్ సెంటర్ల బోర్డుల మీద ఇప్పుడు పైథాన్, డేటా సైన్స్, డెవాప్స్ పేర్లే పెద్దక్షరాల్లో కనిపిస్తాయి. వెబ్‌సైట్లు రాసే ప్రోగ్రామింగ్ భాష పీహెచ్‌పీ ఉంటే కింది వరసలో ఎక్కడో ఉంటుంది. కానీ అదే నగరంలో స్కూలు ఫీజుల పోర్టల్, ఫంక్షన్ హాల్ బుకింగ్ పేజీ, పచ్చళ్ల దుకాణం ఆన్‌లైన్ అమ్మకాలు, చిన్న వార్తా సైట్ లాంటివి తెరిచి చూస్తే వెనక తరచుగా తగిలేది పీహెచ్‌పీయే. ప్రపంచం మొత్తం మీదా పరిస్థితి అదే. సర్వర్ వైపు ఏ భాష వాడారో తెలిసిన సైట్లలో నూటికి డెబ్బైకి పైగా దీని మీదే నడుస్తున్నాయని డబ్ల్యూ3టెక్స్ సర్వే చెబుతోంది. సైట్లు తయారుచేసుకునే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్‌ను రాసింది ఇందులోనే. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాను నడిపే మీడియావికీ కూడా ఇందులోదే.

ప్రోగ్రామర్ల చేత ఇన్ని తిట్లు తిన్న భాష ఇన్నాళ్లు ఎలా నిలబడింది? తిట్లకూ నిలకడకూ మూలం ఒకటే: ఏం జరిగినా పేజీ ఆగకూడదన్న పట్టుదల. తప్పు సరుకు ఇచ్చినా ఈ భాష ఏదో ఒక అర్థం తీసుకుని ముందుకు పోతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు అది వరం. డేటా పాడైపోయిందని మూడు నెలల తర్వాత తెలుసుకున్నవాళ్లకు అదే శాపం.

ఈ స్వభావం పుట్టుకతో వచ్చింది. రాస్మస్ లెర్డార్ఫ్ 1994లో తన సొంత హోమ్ పేజీ కోసం సీ భాషలో కొన్ని చిన్న ప్రోగ్రాములు రాసుకుని, 1995 జూన్ 8న వాటిని అందరికీ విడుదల చేశాడు. భాష తయారుచేద్దామని పూనుకుని చేసిన పని కాదది. తర్వాత జీవ్ సురాస్కీ, ఆండీ గట్‌మన్స్ దాని పార్సర్‌ను, అంటే కోడ్‌ను చదివి అర్థం చేసుకునే భాగాన్ని, తిరగరాయగా 1998లో మూడో వెర్షన్ వచ్చింది. అప్పటికే వేలాది పేజీలు దీని మీద నడుస్తున్నాయి కాబట్టి పాత అలవాట్లను తీసేయడం కుదరలేదు. ఫంక్షన్ల పేర్లలో ఒక పద్ధతి లేకపోవడం అందులో ఒకటి. కొన్నింటిలో అండర్‌స్కోర్ ఉంటుంది, కొన్నింటిలో ఉండదు. జాబితాలో వెతికే ఇన్_అరేలో వెతికే వస్తువు ముందు, వెతికే చోటు తర్వాత. మాటలో వెతికే స్ట్ర్‌పాస్‌లో సరిగ్గా తిరగేసి. మొదట్లో ఫంక్షన్ పేరు పొడవునే హ్యాష్‌గా, అంటే పేరును త్వరగా వెతికి పట్టుకునే గుర్తుగా, వాడారని, అందుకే పేర్లు రకరకాల పొడవుల్లో ఉండేలా చూశారని లెర్డార్ఫ్ స్వయంగా 2013లో రాశాడు. ఇరవై ఏళ్లుగా వాడుతున్నవాళ్లు కూడా మాన్యువల్ తెరవకుండా రాయలేకపోతున్నారంటే అది వాళ్ల మతిమరుపు కాదు.

ఎందుకు వదలబుద్ధి కాదు

చిన్న ఫైలు ఒకటి రాసి హోస్టింగ్‌లోని పబ్లిక్_హెచ్‌టీఎంఎల్ ఫోల్డర్‌లో పడేసి, బ్రౌజర్‌లో రిఫ్రెష్ కొడితే చాలు, పని జరుగుతుంది. బిల్డ్ చేయక్కర్లేదు, సర్వర్ రీస్టార్ట్ అక్కర్లేదు, ప్రత్యేకంగా మెషీన్ కొనక్కర్లేదు. ఒక చిన్న వ్యాపారికి ఏడాదికి రెండు మూడు వేల రూపాయల్లో దొరికే షేర్డ్ హోస్టింగ్‌లో (పలు సైట్లు పంచుకునే సర్వర్‌లో) పీహెచ్‌పీ, డేటాబేస్ సాఫ్ట్‌వేర్ మైఎస్‌క్యూఎల్ ముందే వేసి ఉంటాయి. మొదటి గంటలోనే ఫలితం కళ్ల ముందు కనిపించే భాషలు చాలా తక్కువ.

దీన్ని మించిన సుగుణం లోపల ఉంది, దాని గురించి చెప్పేవాళ్లే తక్కువ. బ్రౌజర్ నుంచి వచ్చే ప్రతి రిక్వెస్ట్ శుభ్రమైన మెమరీతో మొదలై, పేజీ పంపగానే అంతా తుడిచిపెట్టుకుపోతుంది. ఒక పేజీలో వేరియబుల్ చెడినా, మెమరీ లీకైనా, ప్రోగ్రాం మధ్యలో కూలినా ఆ నష్టం ఆ రిక్వెస్ట్‌తోనే సరి. పక్క వినియోగదారుడికి అంటదు. ఒకే ప్రాసెస్ రోజుల తరబడి నడిచే ఏర్పాట్లలో పట్టుకోని ఎర్రర్ ఒక్కటి అందరికీ సైట్‌ను మూసేయగలదు. ఇక్కడ ఫీజు రసీదు పేజీ కూలినా హాజరు పేజీ నడుస్తూనే ఉంటుంది. ప్రత్యేక ఇంజనీర్ లేని చిన్న సంస్థకు ఈ రక్షణ విలువ ఇంతా అంతా కాదు.

వేగం గురించిన పాత ఫిర్యాదుకు ఇప్పుడు బలం లేదు. 2015 డిసెంబరులో వచ్చిన 7.0 వెర్షన్‌తో చాలా అప్లికేషన్లు దాదాపు రెట్టింపు వేగం అందుకున్నాయి, మెమరీ వాడకమూ బాగా తగ్గింది.

చప్పుడు లేకుండా జరిగే తప్పులు

అసలు విసుగు ఇక్కడ. ఒక స్కూలు మార్కుల ఎంట్రీ పేజీని తీసుకుందాం. సెక్షన్‌లో 60 మంది పిల్లలు, 6 సబ్జెక్టులు, ఒక్కో సబ్జెక్టుకు రాత పరీక్ష మార్కులు, ప్రాక్టికల్ మార్కులు, గ్రేడ్ అని 3 గళ్లు. మొత్తం 1080 గళ్లు. పీహెచ్‌పీలో మ్యాక్స్_ఇన్‌పుట్_వార్స్ అనే సెట్టింగ్ డిఫాల్ట్ విలువ 1000. అంతకు మించి వచ్చిన గళ్లను అది పక్కన పారేస్తుంది. ఒక్కో విద్యార్థికి 18 గళ్లు కాబట్టి 55 మంది మార్కులు పూర్తిగా, 56వ పిల్లవాడివి 10 గళ్లు మాత్రమే సేవ్ అవుతాయి. చివరి నలుగురి మార్కులు అసలు చేరవు. టీచర్‌కు తెర మీద మాత్రం విజయవంతంగా సేవ్ అయిందనే వస్తుంది. సర్వర్ రాసుకునే లాగ్‌లో ఒక హెచ్చరిక పడుతుంది, కానీ దాన్ని చూసేవాళ్లు ఉండాలి కదా. 40 మంది ఉన్న సెక్షన్‌తో పరీక్షించి చూసినవాళ్లకు ఇది ఎప్పటికీ దొరకదు. ఈ సెట్టింగ్‌ను ప్రోగ్రాం లోపల ఐఎన్ఐ_సెట్‌తో మార్చినా పనిచేయదు, ఎందుకంటే ప్రోగ్రాం మొదలయ్యేసరికే ఫారం చదవడం అయిపోతుంది. సెట్టింగుల ఫైలు పీహెచ్‌పీ.ఐఎన్ఐలోనో ఫోల్డర్‌లోని యూజర్.ఐఎన్ఐలోనో 3000కు పెంచాలి. దానికి తోడు ఫారం చిట్టచివర ఒక దాచిన గడి పెట్టి, అది చేరితేనే సేవ్ చేయాలి. ఆ గడి రాలేదంటే మధ్యలో ఏదో తెగినట్టే.

ఫొటోల అప్‌లోడ్‌దీ ఇదే కథ. ఒక ఫైలుకు డిఫాల్ట్ పరిమితి 2 ఎంబీ, మొత్తం ఫారంకు 8 ఎంబీ. ఇప్పటి ఫోన్‌తో తీసిన ఫొటో ఒక్కటే నాలుగైదు ఎంబీ ఉంటుంది. మొత్తం 8 ఎంబీ దాటితే ఫైళ్లే కాదు, ఫారంలో టైప్ చేసిన పేరు, నంబరు కూడా ఖాళీగా వస్తాయి. దాంతో పేరు చక్కగా రాసిన తల్లిదండ్రులకు మీ పేరు రాయండి అనే ఎర్రర్ కనిపిస్తుంది. వాళ్లు మళ్లీ రాస్తారు, మళ్లీ అదే ఎర్రర్. ముందు ఇంజిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ ఉంటే దాని సొంత పరిమితి ఇంకా తక్కువ, 1 ఎంబీ. అక్కడ పీహెచ్‌పీ దాకా రాకుండానే 413 ఎర్రర్ వస్తుంది. కాబట్టి పెంచేటప్పుడు మూడు చోట్లా పెంచాలి.

తేదీల్లో ఇంకో ఉచ్చు. తేదీని చదివే స్ట్ర్‌టుటైమ్‌కు 05/06/2025 అని గీతతో ఇస్తే అమెరికా పద్ధతిలో మే 6 అనుకుంటుంది. 05-06-2025 అని అడ్డగీతతో ఇస్తే జూన్ 5 అనుకుంటుంది. ఫంక్షన్ హాల్ బుకింగ్‌లో ఈ తేడా ఎంత దూరం పోతుందో చెప్పక్కర్లేదు. 25/12/2025 అని ఇస్తే 25వ నెల ఉండదు కాబట్టి ఫాల్స్ (కుదరలేదు అనే విలువ) వస్తుంది, ఆ ఫాల్స్‌ను తేదీగా చూపిస్తే 01-01-1970 అవుతుంది. మన ఊళ్లో రసీదుల మీద, సర్టిఫికెట్ల మీద 1970 జనవరి 1 కనిపిస్తే కారణం చాలాసార్లు ఇదే. డేట్‌టైమ్ క్లాసులోని క్రియేట్‌ఫ్రమ్‌ఫార్మాట్‌కు రోజు, నెల, సంవత్సరం వరసను స్పష్టంగా ఇవ్వాలి. ఇచ్చినా ఫిబ్రవరి 31ని అది (లీపు కాని ఏడాదిలో) మార్చి 3గా మార్చేసి ఊరుకుంటుంది. గెట్‌లాస్ట్‌ఎర్రర్స్‌లో హెచ్చరిక ఉందేమో చూస్తేనే పట్టుబడుతుంది.

టైమ్‌జోన్ పెట్టకపోతే పీహెచ్‌పీ యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక సమయం లెక్క పాటిస్తుంది. మనకు దానికి ఐదున్నర గంటల తేడా. అర్ధరాత్రి నుంచి తెల్లవారుజాము 5.30 వరకు వచ్చిన ఆర్డర్లన్నీ ముందురోజు తేదీలో పడతాయి. ఒకటో తారీఖు తెల్లవారుజామున రెండింటికి వచ్చిన ఆర్డర్ కిందటి నెల జీఎస్టీ లెక్కలోకి పోతుంది. అమెజాన్ 2022 నవంబరులో హైదరాబాద్‌లోనే క్లౌడ్ రీజియన్ తెరిచింది కదా, సర్వర్ ఇక్కడే ఉంది కదా అనుకుంటే పొరపాటు. అక్కడి లినక్స్ మెషీన్ల గడియారం కూడా మొదట యూటీసీలోనే ఉంటుంది. ఏషియా/కోల్‌కతా అని పీహెచ్‌పీలోనూ, డేటాబేస్ కనెక్షన్‌లోనూ రెండు చోట్లా పెట్టాలి.

పోలికల సంగతి అందరూ చెప్పేదే కాబట్టి క్లుప్తంగా. రెండు సమాన గుర్తులతో పోలిస్తే పీహెచ్‌పీ రెండువైపులా ఉన్నవాటి రకాన్ని సర్దుబాటు చేస్తుంది. ఒకప్పుడు సున్నాను హైదరాబాద్ అనే మాటతో పోల్చినా సమానమే అనేది. 2020 నవంబరులో వచ్చిన 8.0 దాన్ని సరిచేసింది. కానీ అంకెల్లా కనిపించే రెండు మాటల మధ్య పాత పద్ధతే కొనసాగుతోంది. అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ సాఫ్ట్‌వేర్‌లో ఒక ఫ్లాట్ నంబరు 200, ఇంకోదానిది రెండు అంకె, ఇంగ్లిష్ ఈ అక్షరం, మళ్లీ రెండు అంకె అనుకుందాం. ఆ రెండోదాన్ని పీహెచ్‌పీ రెండు ఇంటూ పది స్క్వేర్‌గా చదువుతుంది, అంటే 200. ఇద్దరి బకాయిలూ ఒకటైపోతాయి. ఇన్_అరే, స్విచ్ కూడా ఇలాగే పోలుస్తాయి. మూడు సమాన గుర్తులు, ఇన్_అరేకు మూడో వాదంగా ట్రూ, స్విచ్ బదులు 8.0లో వచ్చిన మ్యాచ్: ఈ మూడూ అలవాటైతే ఈ బెడద దాదాపు పోతుంది.

డబ్బు లెక్కల్లో ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు. 19.99ని 100తో గుణించి పూర్ణాంకంగా మారిస్తే 1998 వస్తుంది, 1999 కాదు. ఇది ఒక్క పీహెచ్‌పీ దోషం కాదు, దశాంశాలను కంప్యూటర్ దాచుకునే తీరే అంత. పేమెంట్ గేట్‌వేలు పైసల్లో మొత్తం అడుగుతాయి కాబట్టి ఈ పైసా తేడా వెంటనే బయటపడుతుంది. మొదటి నుంచీ పైసల్లోనే పూర్ణాంకంగా దాచాలి. తప్పనిసరై మార్చాల్సి వస్తే ముందు రౌండ్ చేయాలి.

తెలుగు సైట్‌కు అదనపు పరీక్ష

పీహెచ్‌పీకి స్ట్రింగ్ (అంటే మాటలను దాచే విలువ) బైట్ల వరస, అంతే. ప్రపంచ భాషల అక్షరాలన్నింటికీ సంకేతాలిచ్చే యూనికోడ్‌ను భాషలోపలే కలపాలని తలపెట్టిన ఆరో వెర్షన్‌ను 2010లో ఆపేశారు. ఆ నిర్ణయం భారం ఇప్పటికీ మనలాంటి భాషలవాళ్ల మీదే పడుతోంది. హైదరాబాద్ అన్న మాటను స్ట్ర్‌లెన్‌కు ఇస్తే 27 అంటుంది, ఎందుకంటే యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు. ఎంబీ_స్ట్ర్‌లెన్ 9 అంటుంది, గుణింతాలనూ పొల్లునూ విడిగా లెక్కపెడుతుంది కాబట్టి. గ్రాఫీమ్_స్ట్ర్‌లెన్ 5 అంటుంది: హై, ద, రా, బా, ద్. మన కంటికి కనిపించే లెక్క ఈ మూడోదే. స్త్రీ లాంటి సంయుక్తాక్షరం దగ్గరకొస్తే ఆ మూడోదీ సర్వర్‌లో యూనికోడ్ పనులు చూసే ఐసీయూ లైబ్రరీ పాతదా కొత్తదా అన్నదాన్ని బట్టి 3 అనో 1 అనో చెబుతుంది.

వార్తా సైట్‌లో హెడ్‌లైన్‌ను 100 దగ్గర కత్తిరించాలని మామూలు సబ్‌స్ట్ర్ వాడితే, కోత చాలాసార్లు అక్షరం మధ్యలో పడుతుంది. చివర ఒక వింత గుర్తు కనిపిస్తే అదృష్టమే. 8.1కి ముందు వెర్షన్లలో, పాఠాన్ని పేజీలో చూపేముందు సురక్షితం చేసే హెచ్‌టీఎంఎల్‌స్పెషల్‌చార్స్ అలాంటి తెగిన స్ట్రింగ్‌కు ఖాళీ ఇచ్చేది, అంటే హెడ్‌లైన్ మొత్తం మాయం. డేటాను యాప్‌కు పంపే జేసన్ రూపంలోకి మార్చే జేసన్_ఎన్‌కోడ్ అయితే ఇప్పటికీ ఫాల్స్ ఇస్తుంది. ఫోన్ యాప్‌కు ఖాళీ జవాబు పోతుంది. ఒక్క వార్త వల్ల వంద వార్తల జాబితా అంతా ఆగిపోతుంది. గ్రాఫీమ్_సబ్‌స్ట్ర్ వాడితే ఇది రాదు. దానికి ఐఎన్‌టీఎల్ అనే ఎక్స్‌టెన్షన్ కావాలి. షేర్డ్ హోస్టింగ్‌లో అది తరచుగా మూసి ఉంటుంది, కంట్రోల్ ప్యానెల్‌లో టిక్ పెట్టి తెరవాలి.

లింకుల కోసం శీర్షికను శుభ్రం చేసే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లది (అక్షరాలను వెతికే నమూనాలది, పొట్టిగా రెగెక్స్) మరో ఘోరం. ఇంటర్నెట్‌లో దొరికే కోడ్‌లో ఎక్కువగా అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ తప్ప మిగతావన్నీ తీసేయి అని ఉంటుంది. యూ అనే మాడిఫయర్ పెట్టినా, చాలా సర్వర్లలో ఉన్న రెగెక్స్ లైబ్రరీకి తెలుగు గుణింతాలు అక్షరాల కింద లెక్క కాదు. హైదరాబాద్ కాస్తా హదరబద అవుతుంది. అక్షరాలతో పాటు మార్కుల వర్గాన్ని, అంటే యూనికోడ్‌లో ఎం అనే తరగతిని కూడా ఉంచమని చెప్పాలి.

వెతుకులాట పెట్టెలో వచ్చే సమస్య కంటికి కనిపించనే కనిపించదు. సాఫ్ట్‌వేర్ అని సరిగ్గా రాయాలంటే ట్ పొల్లు తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనిపించని గుర్తు పడాలి. కొన్ని కీబోర్డులు దాన్ని వేస్తాయి, కొన్నింటిలో పడదు. అది లేకుండా రాసినవాళ్ల వెతుకులాటకు ఫలితాలు సున్నా. ప్రదర్శించే పాఠం నుంచి దాన్ని తీసేయకూడదు, మాట రూపమే మారిపోతుంది. టేబుల్‌లో వెతకడానికి వేరే కాలమ్ పెట్టి, అందులో రాతను ఒకే రూపానికి తెచ్చే నార్మలైజర్ మీదుగా పంపి, ఈ గుర్తు తీసేసిన రూపం దాచాలి. వెతికే మాటకూ అదే శుద్ధి చేయాలి.

డేటాబేస్‌లో మైఎస్‌క్యూఎల్ పాత యూటీఎఫ్8 అనేది 3 బైట్ల వరకే. తెలుగు అందులో సరిగ్గా పడుతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. మొదటి ఎమోజీకి 4 బైట్లు కావాలి, అక్కడ ఎర్రర్ వస్తుంది, లేదా ఎమోజీ దగ్గర్నుంచి వాక్యం తెగిపోతుంది. టేబుల్, కనెక్షన్ రెండూ యూటీఎఫ్8ఎంబీ4లో ఉండాలి. సైట్‌లో తెలుగు బాగానే ఉండి, డేటాబేస్‌ను చూపించే పీహెచ్‌పీమైఅడ్మిన్‌లో మాత్రం పిచ్చి అక్షరాలు కనిపిస్తున్నాయంటే కనెక్షన్ లాటిన్1 అనే పాత అక్షర పద్ధతిలో నడుస్తోందని అర్థం. అప్పుడు సెట్టింగ్ ఒక్కటే మారిస్తే సైట్ మీద కూడా పిచ్చి అక్షరాలు వస్తాయి. టేబుల్ కూడా లాటిన్1లోనే ఉంటే పాత డేటాను ముందు బైనరీగా, ఆపైన యూటీఎఫ్8ఎంబీ4గా మార్చాలి. బ్యాకప్ లేకుండా ఈ పనికి చేయి పెట్టకూడదు.

అరే, సెషన్, రద్దీ

విలువలను కలిపి దాచే పీహెచ్‌పీ అరే ఒక్కటే జాబితాగానూ, నిఘంటువుగానూ, వరస తప్పని పట్టికగానూ పనిచేస్తుంది. అలవాటైతే వేరే భాషలో చేయి కట్టేసినట్టుంటుంది. అయితే అంకెల్లా ఉన్న కీని (విలువను గుర్తించే పేరును) అది పూర్ణాంకంగా మార్చేస్తుంది. 12 అనే రోల్ నంబరు అంకె అవుతుంది, 012 మాత్రం మాటగానే ఉంటుంది. రెండు సెక్షన్ల జాబితాలను అరే_మెర్జ్‌తో కలిపితే అంకె కీలన్నీ సున్నా నుంచి కొత్తగా వరస పడతాయి, హాల్‌టికెట్ నంబర్లు పోతాయి. కూడిక గుర్తుతో కలిపితే కీలు నిలుస్తాయి. అరే_ఫిల్టర్‌తో కొన్నింటిని తీసేస్తే మధ్యలో ఖాళీలు మిగిలి, జేసన్‌లో చదరపు బ్రాకెట్ల జాబితా బదులు వంపు బ్రాకెట్ల ఆబ్జెక్ట్ వెళ్తుంది. ఏమీ తీసేయని రోజున యాప్ నడుస్తుంది, మధ్యలోది ఒకటి తీసేసిన రోజున కూలుతుంది. అరే_వాల్యూస్ అనే ఒక్క పిలుపుతో పోయే సమస్య ఇది.

ఒక అకౌంటెంట్ పెద్ద రిపోర్ట్ డౌన్‌లోడ్ పెట్టి, ఇంకో ట్యాబ్‌లో పని చేసుకుందామంటే ఆ ట్యాబ్ కదలదు. మిగతావాళ్లందరికీ సైట్ మామూలుగానే ఉంటుంది. సర్వర్ నెమ్మదించిందని హోస్టింగ్ వాళ్ల మీద పడతారు గానీ, కారణం సెషన్ ఫైలు (లాగిన్ వివరాలు దాచే ఫైలు) తాళం. ఒక వినియోగదారుడి సెషన్ ఫైలును మొదటి రిక్వెస్ట్ పట్టుకుని ఉన్నంతసేపు రెండోది క్యూలో ఉంటుంది. రిపోర్ట్ మొదలయ్యే ముందు సెషన్_రైట్_క్లోజ్ పిలిస్తే తాళం వదులుతుంది.

పరీక్ష ఫలితాల రోజు రద్దీకి చేతి లెక్క వేసుకోవాలి. 4 జీబీ మెమరీ ఉన్న సర్వర్‌లో డేటాబేస్‌కూ సిస్టమ్‌కూ 2 జీబీ పోతే మిగిలేది 2 జీబీ. పేజీలు తయారుచేసే ఒక్కో పీహెచ్‌పీ వర్కర్‌కు 60 ఎంబీ అనుకుంటే 30 వర్కర్లు పెట్టొచ్చు. ఒక్కో పేజీ 200 మిల్లీసెకన్లలో అయితే సెకనుకు 150 మందికి జవాబు వస్తుంది. అదే హాల్‌టికెట్ కాలమ్‌కు ఇండెక్స్ (వెతుకులాటను వేగం చేసే సూచిక) లేక 3 సెకన్లు పడితే సెకనుకు 10 మందికే. అప్పుడు లాగ్‌లో వర్కర్ల సంఖ్యకు పెట్టిన మ్యాక్స్_చిల్డ్రన్ పరిమితి చేరిందని కనిపిస్తుంది, కంగారులో దాన్ని 200 చేస్తారు. 200 వర్కర్లకు 12 జీబీ కావాలి. మెమరీ అయిపోయి ఆపరేటింగ్ సిస్టమ్ ఎవరినో ఒకరిని చంపుతుంది, ఎక్కువసార్లు బలయ్యేది మైఎస్‌క్యూఎల్. పెంచాల్సింది వర్కర్లను కాదు, వేయాల్సింది ఇండెక్స్. ఇక్కడో మెలిక: హాల్‌టికెట్ కాలమ్ మాటల రకంలో ఉండి, క్వెరీలో నంబరును కోట్స్ లేకుండా అంకెగా పంపితే మైఎస్‌క్యూఎల్ ఆ ఇండెక్స్‌ను వాడుకోదు. పీహెచ్‌పీ కీలను అంకెలుగా మార్చే అలవాటు ఇక్కడిదాకా వచ్చి కొడుతుంది.

పాత కోడ్, కొత్త వెర్షన్

నేర్చుకునేవాళ్లకు ఈ భాష చేసిన పెద్ద అన్యాయం, పాత పాఠాలు ఇంకా చలామణిలో ఉండటం. మైఎస్‌క్యూఎల్_క్వెరీ ఫంక్షన్లను 7.0 నుంచి తీసేశారు, అయినా వాటితో రాసిన నోట్సు ఇప్పటికీ ఫొటోకాపీ షాపుల్లో దొరుకుతుంది. వాటిలో వినియోగదారుడు టైప్ చేసినదాన్ని నేరుగా క్వెరీలో అతికించేస్తారు, సైట్ దోపిడీకి తలుపు తెరిచినట్టే. మొదటి రోజు నుంచే విలువలను క్వెరీ నుంచి విడిగా పంపే పీడీవో ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్లు, పాస్‌వర్డ్‌ను గుప్తరూపంలో దాచే పాస్‌వర్డ్_హ్యాష్ నేర్పాలి, ఇందులో రాజీ ఉండకూడదు.

7.4కు మద్దతు 2022 నవంబరుతో ముగిసింది. హోస్టింగ్ సంస్థ దాన్ని తీసేసిన రోజున చాలా సైట్లు తెల్ల పేజీ చూపిస్తాయి. 8.0లో ఈచ్, క్రియేట్_ఫంక్షన్ లేవు. నల్ (ఏమీ లేదనే విలువ) మీద కౌంట్ పిలిస్తే ఇంతకుముందు హెచ్చరిక వచ్చేది, ఇప్పుడు ప్రోగ్రాం ఆగిపోతుంది. భాష మెల్లగా కఠినంగా మారుతోంది. పాత సైట్ల యజమానులకు ఇది బాధే అయినా, డేటా కోణంలో చూస్తే మంచి మార్పు.

మారాల్సినప్పుడు క్రమం ఇలా ఉంటే నష్టం తక్కువ. ముందు 7.4 మీదే ఎర్రర్ల తీవ్రతను పూర్తిగా తెరిచి, తెర మీద చూపించకుండా లాగ్‌లో రాయించి, ఓ నెల నడపాలి. నెల ఎందుకంటే ఫీజుల ముగింపు, జీతాల పేజీలు నెలకోసారే తెరుచుకుంటాయి. హెచ్చరికలను ఎర్రర్ ఎక్సెప్షన్లుగా మార్చే హ్యాండ్లర్‌ను టెస్ట్ కాపీలో పెట్టాలి, అసలు సైట్‌లో అప్పుడే వద్దు. కోడ్‌ను నడపకుండానే తప్పులు వెతికే పీహెచ్‌పీస్టాన్‌ను సున్నా స్థాయిలో నడిపి, అది చూపినవి సరిచేసి, ఒక్కో మెట్టు ఎక్కించాలి. కొత్త ఫైళ్లలో మొదటి వరసలో స్ట్రిక్ట్_టైప్స్ ప్రకటించాలి. అది ఫంక్షన్ల మధ్య విలువల మార్పిడిని మాత్రమే కట్టుదిట్టం చేస్తుందనీ, రెండు సమాన గుర్తుల పోలికను ముట్టుకోదనీ గుర్తుంచుకోవాలి. ఆ తర్వాతే సబ్‌డొమైన్ మీద 8కి మార్చి చూడాలి. అక్కడ పెట్టే పరీక్షా డేటాలో 60 మందికి తగ్గని సెక్షన్ ఒకటి, 012 లాంటి రోల్ నంబరు ఒకటి, పొల్లుతో ముగిసే తెలుగు పేరు ఒకటి, ఎమోజీ ఉన్న సందేశం ఒకటి, తెల్లవారుజామున రెండింటికి పడిన ఆర్డర్ ఒకటి తప్పకుండా ఉండాలి.